నురుగు నిలవని గ్లాసులు

శనివారం మధ్యాహ్నం మా తమ్ముడు వీరాంజనేయులు వస్తున్నాడని మా అమ్మాయి మనోజ్ఞ మంగళవారమే చెప్పింది. అంత ముందుగా చెప్పకుండా ఉంటే బాగుండేది. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

నేను జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌కు, అమ్మాయి దగ్గరికి వచ్చి అప్పటికి రెండు నెలలు దాటింది. తమ్ముడు కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొడుకు భార్గవ్ దగ్గరికి వచ్చాడని విన్నాను. రైలెక్కితే గంటన్నర దూరం. అయినా వాడు రాడనే అనుకున్నాను. మన దేశంలో ఒకే పెళ్ళి పందిట్లో ఎదురుపడినా చెరో మూలకు వెళ్ళి కూర్చున్నవాళ్ళం.

ఏడేళ్ళ కిందట మా అమ్మ పోయింది. శ్రావణమాసం, ఎడతెగని వాన. నేను నిజామాబాదు నుంచి మూడు బస్సులు మారి ఊరు చేరేసరికి చితి మండుతోంది. ఆఖరి చూపు దక్కలేదు. ఊరందరి ముందు తమ్ముడి చొక్కా పట్టుకొని, "నేను వచ్చేదాక ఆగకపోతివి. ఇయ్యాల్టి సంది నువ్వు నాకు తమ్మునివి కావు" అన్నాను. వాడు నోరు తెరవలేదు. ఆ తర్వాత కూడా తెరవలేదు. మా ఆయన పోయినప్పుడు వచ్చి, గేటు దగ్గర తల వంచుకొని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

నాకు అరవై ఎనిమిది, వాడికి అరవై రెండు. పోయినవాళ్ళను తలుచుకోవడం నాకు అలవాటే. బతికున్నవాణ్ణి నేనే నోటితో పంపించేశాను, అదే మనసులో ముల్లు. ఈసారి కూడా ఒక్క మాట లేకుండా వాడు రైలెక్కితే ఇక ఈ జన్మకు ఇంతేనని నాకు తెలుసు.

వాణ్ణి రప్పించడానికి పిల్లలు వేసిన ఎత్తు బీరు. మనోజ్ఞ ఇంట్లో బీరు కాస్తుంది. పగలు ఆఫీసు పని, శని ఆదివారాలు ఇదీ. ఇక్కడ ప్రతి వాటాకూ నేలమాళిగలో ఒక గది ఇస్తారు, దాన్ని కెల్లర్ అంటారు. అందరూ అందులో పాత సైకిళ్ళు పెట్టుకుంటే మా పిల్ల స్టీలు డ్రమ్ములు పెట్టింది. మాది కల్లు గీసే ఇల్లు. నాన్న తాటిచెట్లు ఎక్కేవాడు, తర్వాత తమ్ముడు ఎక్కాడు. కాబట్టి కూతురు బీరు కాస్తోందంటే నాకేమీ చిన్నతనం అనిపించలేదు. ఆ డ్రమ్ము మీది గొట్టంలోంచి బుడుక్ బుడుక్ మని చప్పుడు వస్తుంటే ఎప్పుడు పేలుతుందోనని మాత్రం భయం. రోజుకు నాలుగుసార్లు మెట్లు దిగి చూసివచ్చేదాన్ని.

"అమ్మా, నువ్వు మూత తీసి చూస్తున్నవా?" అని ఒకరోజు గట్టిగా అడిగింది.

"తీస్తలేను. చెవి పెట్టి ఇంటున్న అంతే."

ఈసారి మూడు రకాలు చేసింది. ఒకటి లేత పసుపు రంగుది. ఇంకొకటి ధనియాలు, నారింజ తొక్క వేసిన గోధుమ బీరు. మూడోది నల్లనిది, అందులో నేను పెట్టెలో మోసుకొచ్చిన తాటిబెల్లం కరిగించింది. దగ్గరి వాళ్ళను నలుగురిని పిలిచి రుచి చూపించాలని ముచ్చటపడింది. "మామ కల్లు వాసన చూసి ఏ చెట్టుదో చెప్తుండె గదా, ఆయన చూడకపోతె ఇదంతా దేనికి?" అని భార్గవ్‌కు ఫోన్ చేసింది. వాడు తండ్రిని ఎలా ఒప్పించాడో తెలియదు.

శనివారం పొద్దున్నే నేను మక్క గారెలకు కూర్చున్నాను. ఇక్కడి మొక్కజొన్న తియ్యగా, నీరు నీరుగా ఉంటుంది. పిండి జారుతుంది, నూనె తెగ పీలుస్తుంది. బియ్యప్పిండి కలిపి ఎలాగో దారికి తెచ్చాను. వేయిస్తున్నంతసేపూ, వాడు తలుపు దగ్గరికి వస్తే ముందు నేనే పలకరించాలా, పలకరిస్తే వాడు ముఖం తిప్పుకుంటే ఏం చేయాలి, ఇదే ఆలోచన. చేతులు ఊరికే ఉండడం లేదు. కొంగుకు తుడుచుకోవడం, మళ్ళీ పిండి తీసుకోవడం.

గారెలు అయ్యాక బల్ల మీద చూశాను. మనోజ్ఞ ఇరవై నాలుగు చిన్న గ్లాసులు గిన్నెలు కడిగే మిషన్లో కడిగి, తెల్లగుడ్డ మీద బోర్లించి, కెల్లర్‌కు వెళ్ళింది. ఒకటి వెలుతురుకు పట్టి చూస్తే గ్లాసు నిండా తెల్లటి మచ్చలు. ఇక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువని, ఆరితే అలాగే మచ్చలు పడతాయని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, తమ్ముడి ముందు నా బిడ్డ మురికి గ్లాసులు పెడితే ఎలా అనిపించింది. ఒక్కొక్కటే తీసుకొని నోటి ఆవిరి ఊది, కొంగుతో లోపలా బయటా మెరిసేదాకా తుడిచాను. ఇరవై నాలుగూ తుడిచి, ఉన్నవి ఉన్నట్టే బోర్లించాను. చాలా రోజుల తర్వాత ఒక పని కుదిరిందని తృప్తి కలిగింది.

ముందు ఎలియాస్ వచ్చాడు. మనోజ్ఞ ఆఫీసు స్నేహితుడు, తెనాలి అబ్బాయి. "నేను వాసన చూస్తానంతేనండి అమ్మగారూ, మా పాస్టరుగారికి మాటిచ్చాను. గారెల విషయంలో మాత్రం ఏ మాటా ఇవ్వలేదు" అంటూ సరాసరి పళ్ళెం పక్కనే కూర్చున్నాడు. కింది వాటాలోని జర్మన్ ఆవిడ ఫ్రౌ ఉర్సెల్ పూలు తెచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పుట్టింది కొలోన్‌లో. ఈ రెండు ఊళ్ళకూ బీరు దగ్గర పడదట. నలభై ఏళ్ళుగా డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉంటూ, ఈ ఊరి బీరును బురదనీళ్ళని తిడుతూనే ఉంటుంది. మా అల్లుడు రవికిరణ్ ఆఫీసు పని మీద ఆకెన్‌లో ఉండిపోయాడు.

రెండున్నరకు గంట మోగింది. మా మనవరాలు ఈషా పరిగెత్తి తలుపు తీసింది. దానికి ఎనిమిదేళ్ళు.

భార్గవ్ ముందు వచ్చి నా కాళ్ళకు మొక్కాడు. "అత్తా, మంచిగున్నవా? అమ్మకు కాళ్ళ నొప్పులు, రాలే." వాడి వెనక తమ్ముడు. జుట్టు మొత్తం తెల్లబడింది. ఎవరిదో పెద్ద జాకెట్ వేసుకున్నాడు, చేతులు అందులో మునిగిపోయాయి.

"వచ్చినవా," అన్నాను.

వాడు తల ఊపాడు. ఊపింది నాకో, గోడకో తెలియలేదు. వెళ్ళి బాల్కనీ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"నాలుగు ఇరవైకి రైలున్నది," అన్నాడు మనోజ్ఞతో.

"మామా, ఇప్పుడే గదా వచ్చింది!"

"ముందుగాల చెప్తున్న."

మనోజ్ఞ అందరికీ తలా ఒక కాగితం, పెన్సిలు ఇచ్చింది. ముందు రంగు చూడాలి, తర్వాత వాసన, తర్వాత చిన్న గుక్క. గటగటా తాగకూడదు. లేతదానితో మొదలుపెట్టి నల్లదానికి వెళ్ళాలి. ఏమనిపించిందో కాగితం మీద రాయాలి.

"పరీక్షలా ఉందేంటండీ," అన్నాడు ఎలియాస్. "గారెలకు మార్కులేయడానికి చోటే లేదు."

తమ్ముడు గ్లాసు వైపు చూసి, "గింతనే పోస్తరా? మూతి తడుపుడుకే సరిపోతది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కాని, నవ్వితే వాడికి నచ్చదేమోనని మధ్యలో ఆపేశాను.

మనోజ్ఞ పోసింది. అందరం లేచాం. ఫ్రౌ ఉర్సెల్ "ప్రోస్ట్" అని ఒక్కొక్కరి గ్లాసుకూ తన గ్లాసు తాకిస్తూ వచ్చింది. మేమూ అలాగే చేశాం. తమ్ముడి గ్లాసు నా గ్లాసుకు తాకింది కాని, వాడి చూపు బాల్కనీలోని గులాబీ కుండీ మీదే ఉంది. ఫ్రౌ ఉర్సెల్ చూసేసింది. వాడి మోచేయి పట్టుకొని ఏదో గట్టిగా చెప్పింది.

ఈషా తెలుగు చేసింది. "తాతా, కళ్ళలోకి చూడాలంట! చూడకుంటె సెవెన్ ఇయర్స్ బ్యాడ్ లక్!"

"ఏడేండ్లా?" అన్నాడు వాడు దానితోనే. "అవి ఎప్పుడో అనుభవించినం గదా బిడ్డా. ఇంక కొత్తగ ఏమిస్తరట?"

ఫ్రౌ ఉర్సెల్ మోచేయి వదల్లేదు. వాడు తల తిప్పి నా వైపు చూశాడు. ఒక్క క్షణం. ఎడమ కంట్లో పొర వచ్చినట్టుంది. ఇంట్లో ఎవరూ చూసుకోలేదా అనిపించింది. అంతలోనే వాడి చూపు మళ్ళీ గులాబీ మీదికి వెళ్ళిపోయింది.

అప్పుడు చూస్తే మనోజ్ఞ ముఖం వాడిపోయి ఉంది. గ్లాసు కళ్ళ ఎదురుగా పట్టుకొని నిలబడింది. పోసినప్పుడు లేచిన నురుగు అప్పుడే విరిగిపోయి, పైన ఏమీ లేకుండా, బీరు చల్లారిన కషాయంలా ఉంది. అందరి గ్లాసుల్లోనూ అంతే.

"ఇట్లెందుకైంది? నిన్న టెస్ట్ చేసినప్పుడు రెండు వేళ్ళ మందం నిలిచింది," అంది. ఇంకో సీసా తెరిచింది. అదీ బుస్సున లేచి చప్పున పడిపోయింది. ధనియాలది తెరిచినా అంతే. "గ్యాస్ పట్టలేదా? బాటిల్స్ అన్నీ పోయినట్టేనా?"

"రుచి బాగానే ఉందటగా, నురుగుదేముందండీ," అన్నాడు ఎలియాస్. ఫ్రౌ ఉర్సెల్ కూడా ఏదో మంచిమాటే చెప్పింది. కాని ఆరు వారాలు ఆ డ్రమ్ముల చుట్టూ తిరిగిన పిల్ల, నలుగురి ముందు కన్నీళ్ళు ఆపుకుంటోంది. నేను అనవసరమైన ఆలోచనలు చేస్తూ అన్నిసార్లు కెల్లర్‌కు దిగానే, నా దిష్టే తగిలిందా అని కూడా అనుకున్నాను.

భార్గవ్ గడియారం చూసుకున్నాడు. తమ్ముడు లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వాడు వెళ్ళలేదు. తన గ్లాసులోది కడుపులోకి వంపుకొని, ఖాళీ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లోపలి అంచు మీద బొటనవేలు తిప్పి, ఆ వేలును చూపుడువేలుతో రుద్దుకున్నాడు. మళ్ళీ వాసన చూశాడు.

"బీరుది తప్పు కాదు బిడ్డా. గ్లాసుకు నూనె ఉన్నది."

"లేదు మామా. నేనే మిషన్ల కడిగిన. వేరేవి ఏం కలపకుండ, ఉత్త గ్లాసులే."

"నూనె ఉన్నది. మక్కగారెల వాసన గుడ ఉన్నది."

వాడు నా వైపు చూడలేదు. నేను మాట్లాడకపోతే మిషన్ తప్పో సబ్బు తప్పో అయిపోతుంది. ఏడేళ్ళలో వాడు వినే నా మొదటి అసలు మాట ఇదా, నా బుద్ధితక్కువా? కాని పిల్ల ముఖం చూస్తూ ఊరుకోలేకపోయాను.

"నేనే తుడిసిన," అన్నాను. "మచ్చలున్నయని. కొంగుతోని."

"అమ్మా!" అంది మనోజ్ఞ. "అన్నీనా?"

"ఇరవై నాలుగు."

ఎలియాస్ గారె నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. తమ్ముడి పెదవి ఒక పక్కకు వంగింది.

"నూనె చేత్తోని కల్లు లొట్టి ముడితె అమ్మ ఏం చేస్తుండె?" అన్నాడు. ఈసారి నాతోనే. "నురుగు సస్తదని చీపురు కట్ట తిరగేస్తుండె. ఇప్పుడు అమ్మ ఉంటె నీ ఈపు పలిగేది."

అమ్మ మాట రావడంతో ఇద్దరం ఆగిపోయాం. వాడు అనుకోకుండా అన్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది. ఆ పెద్ద జాకెట్ విప్పి కుర్చీ మీద వేశాడు. గ్లాసులు నాలుగు ఒక చేతిలో, నాలుగు ఇంకో చేతిలో పట్టుకొని వంటగదిలోకి నడిచాడు. నేను మిగతావి పళ్ళెంలో పెట్టుకొని వెనకే వెళ్ళాను. మనోజ్ఞ రాబోతే భార్గవ్ చేయి పట్టి ఆపడం చూశాను.

"నీళ్ళు ఉడుకుగ ఉండాలె," అన్నాడు తొట్టి ముందు నిలబడి. "సబ్బు జరంత. ఆ తర్వాత ఉప్పు వేసి రుద్దాలె. ఉప్పేది?"

ఇచ్చాను. వాడు రుద్దుతున్నాడు, నేను కడుగుతున్నాను. ఆరు గ్లాసులు అయ్యాయి.

"ఆ రోజు వాగు అడ్డమొచ్చిందిరా," అన్నాను.

"తెలుసు."

"మూడు బస్సులు మారిన. ఆగకుంట వచ్చిన."

"తెలుసంటున్న గదా." చేయి ఆపలేదు. "పొద్దుగాల పదకొండింటికి ఒకడు ఉరుక్కుంట వచ్చి చెప్పిండు, కామారెడ్డి దిక్కు నుంచి వచ్చే బస్సు వాగుల కొట్కపోయిందని. నీకు ఫోన్ జేస్తే కలుస్తలే. అమ్మను ఇంట్ల పెట్టుకొని గడప దాటొద్దంటరు ఊరోళ్ళు. అమ్మ ఎట్లన్నా పోయింది. నువ్వు ఏడున్నవో ఎవలకు ఎరుక? అందుకే తొందర చేసిన. చితి అంటుపెట్టి, తానం గుడ చెయ్యకుంట, వాగు కాడికి పోదామని బండి తాళం చేతిల పట్టుకున్న. అప్పుడొచ్చినవు నువ్వు."

నా చేతిలోని గ్లాసు మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. వాడే నల్లా కట్టేశాడు.

"మరి చెప్పొద్దారా?"

"చెప్పనిచ్చినవా? నువ్వు బతికే ఉన్నవని నాకు ఏడుపొస్తుంటె, నువ్వొచ్చి అంగి పట్టుకుంటివి. తమ్మునివి కావంటివి. నాకు గుడ కోపమొచ్చింది. రేపు తగ్గుతది, ఎల్లుండి తగ్గుతది అనుకున్న. కొన్నొద్దులకు తగ్గింది, గని అప్పటికే మొఖం చెల్లకపాయె."

నేను స్టూలు లాక్కొని కూర్చున్నాను. ఏడేళ్ళు నేను ఆ మంటనే చూశాను. వాడి చేతిలోని తాళం చూడలేదు.

"బస్సు నిజంగనే కొట్కపోయిందా?" అని అడిగాను.

"లే. ఇటుకల లారీ. డ్రైవరు గుడ ఈత కొట్టి ఒడ్డుకొచ్చిండు."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. నాకు నవ్వుతో పాటు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. కొంగు ఎత్తబోతే వాడు చటుక్కున చేయి పట్టుకున్నాడు. "ఆ కొంగు మొఖానికి గుడ పెట్టకు. జిడ్డు." కాగితం రుమాలు ఇచ్చాడు.

మన్నించమని నేను అడగలేదు. అటువంటి మాటలు మా ఇంట్లో ఎవరమూ ఎన్నడూ అనుకోలేదు. "ఎడమ కంటికి పొర వచ్చింది. చూపించుకో," అన్నాను.

"చూపించుకుంట."

"ఎప్పుడు?"

"పోంగనే చూపించుకుంటనక్కా. గ్లాసులు తే ముందు."

గ్లాసులను తుడవకుండా, తడిగానే పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళాం. మనోజ్ఞ భయపడుతూనే పోసింది. తెల్లటి నురుగు గ్లాసు అంచు దాటి గుమ్మటంలా లేచి, అక్కడే నిలబడింది. ఈషా చప్పట్లు కొట్టింది. ఫ్రౌ ఉర్సెల్ వాసన చూసి, ఒక గుక్క తాగి, ఈ ఊళ్ళో కాచిన బీరు ఒకటి నోట పెట్టుకోదగ్గట్టు ఉండడం నలభై ఏళ్ళలో ఇదే మొదటిసారి అంది. ఎలియాస్ ధనియాల బీరును అరగంట సేపు వాసనే చూసి, "మా అమ్మ చారు గుర్తొస్తోందండి, తాగితే పాపం లేదేమో" అని అందరినీ అడిగాడు. ఎవరూ తీర్పు చెప్పలేదు. చివరికి వేలు ముంచి నాకాడు.

నల్లదాని దగ్గర తమ్ముడు చాలాసేపు ఆగాడు. కళ్ళు మూసుకొని గుక్క నోట్లో తిప్పాడు.

"తాటిబెల్లం," అన్నాడు. "యాడిది?"

"అమ్మ తెచ్చింది," అంది మనోజ్ఞ. "ఎట్లుంది మామా? నిజం చెప్పు."

"ఇది కల్లు గాదు. కల్లు పొద్దుగాల తీపి, మాపటికి పులుపు. దానెనక మనమే ఉరకాలె. నువ్వు దీన్ని ఆరు వారాలు కూసోబెట్టినవు." ఇంకో గుక్క తాగాడు. "అడుగున కొంచెం చేదున్నది. అది ఉండనియ్యి, తియ్యకు."

మా పిల్ల ఆ మాటలు తన కాగితం మీద రాసుకుంది.

"నాన్నా, నాలుగు ఇరవై రైలు పోయింది," అన్నాడు భార్గవ్.

"పోనియ్యి. అదొక్కటేనా రైలు?"

ఆరు దాటాక బయలుదేరారు. నేను స్టేషనుకు వెళ్ళలేదు. రైలు కదలడం నేను చూడలేను. వాకిట్లోనే నిలబడ్డాను. వాడు రెండు నల్లబీరు సీసాలు సంచిలో పెట్టుకున్నాడు, నేను గారెలు కట్టిచ్చాను. మెట్లు దిగుతూ వెనక్కి చూడలేదు. లోపలికి వచ్చి బల్ల తుడుస్తూ ఉంటే నాకు మళ్ళీ దిగులు మొదలైంది. ఇక్కడ నవ్వాడు సరే, రైలెక్కాక మనసు మారితే? వాడికి పది రోజుల్లో ప్రయాణం, నాకు పంతొమ్మిది రోజుల్లో. మళ్ళీ అక్కడికి వెళ్ళాక ఎవరి ఇంట్లో వాళ్ళం...

మనోజ్ఞ ఫోన్ మోగింది. "మామ. నీకే ఇయ్యమంటున్నడు."

"అక్కా, సీటు దొరికింది," అన్నాడు వాడు.

"కిటికీ పక్కనా?"

"ఆ, కిటికీ పక్కనే. కొలోన్ దాటినం. గుడి ఒకటి నల్లగ, ఆకాశమంత ఎత్తున్నది."

"జాకెట్ ఏసుకున్నవా? బండ్ల సల్లగుంటది."

"ఏసుకున్న. భార్గవ్‌ది. రెండు చేతులు ఒక్క దాంట్లనే పడుతున్నయ్." రైలు చప్పుడు వినిపిస్తోంది. ఫోన్ పెట్టేస్తాడేమో అనుకున్నాను. పెట్టలేదు. "గారె ఒకటి తిన్న," అన్నాడు.

"నూనె ఎక్కువైంది గదా?"

"ఎక్కువనే అయింది. ఇంకోటి తింటున్న." పక్కన భార్గవ్ ఏదో చెప్పాడు. "ఇంక సొరంగాలొస్తయట అక్కా, ఒకదానెనక ఒకటి. ఫోన్ కట్ అయితదట. నువ్వు పెట్టెయ్యకు..."

చప్పుడు ఆగిపోయింది. ఫోన్ అలాగే చెవికి పట్టుకొని కుర్చీలో కూర్చున్నాను. ఈషా పక్కకు వచ్చి నిలబడింది.

"అమ్మమ్మా, ఫినిష్?"

"లేదు. సొరంగం," అన్నాను.

కాసేపటికి మళ్ళీ మోగింది. కొండలూ అడవీ చెప్పాడు, ఊళ్ళో ఎవరెవరు ఉన్నారో చెప్పాడు, మధ్యలో తెగిపోయింది. మళ్ళీ మోగింది. మూడోసారి తెగినప్పుడు మనోజ్ఞ వచ్చి, ఛార్జింగ్ అయిపోతుందేమోనని వైరు తగిలించి, నా కుర్చీని గోడ దగ్గరికి జరిపింది.